గృహారోగ్యము: రోగికి రోగము పేరు చెప్పవచ్చునా?

ఈ మాసము మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి గోదావరీ ప్రాంతమున నొక గ్రామమునందు కాపురము చేయుచున్నది. తన పేరును ఊరి పేరును ప్రకటింపవలదని కోరినది గావున వానిని విడిచి, జాబులోని సారమును మాత్రమే మన పాఠకురాండ్ర ముందుంచుచున్నాము.

ఆమె యత్తగారికి 58 ఏండ్లు. నాలుగేండ్లుగా ఆమెకు ఉన్నట్లుండి ముఖమును మెడయు ఎఱ్ఱబారి, వేడి యావిరి పైకెగసినట్లగుచుండెను. ముట్లుడిగిన స్త్రీలకు ఇట్లగుట సహజమే కదాయని ఇంటిల్లిపాదియు నూరకుండిరి. తరువాత రోజునకు ఐదాఱు విరేచనములు మొదలయ్యెను. ఒక వైద్యుడు అజీర్ణమనియు, వేఱొకడు ప్రేగులలో పురుగులనియు, ఇంకొకడు మనోవ్యాకులత వలన గలిగినదనియు మందులిచ్చిరి. తుదకు పట్టణమునందలి పెద్ద ఆసుపత్రిలో స్కాను తీయగా చిన్నప్రేగులో నొక కంతియు, కాలేయమునకు ప్రాకిన చిన్న కంతులును కనబడినవట. డాక్టరుగారు చీటిపై ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమరు’ అని వ్రాసి యిచ్చిరి. ఇంటి మగవారు ఆ చీటిని బీరువాలో దాచి, పెద్దామెతో ‘ప్రేగులో పుండు, సూదిమందుతో మానును’ అని చెప్పిరి. నెలకొక సూది చొప్పున ఆఱు నెలలు గడచినవి. మొన్న నొకనాడు ఆ యత్తగారు కోడలు వంటయింటిలో నొంటరిగా నుండుట చూచి, ‘అమ్మాయీ, పుండైనచో ఈపాటికి మానవలదా? నాకు వచ్చినదేమో నీవైనను చెప్పవే’ అని యడిగినదట. కోడలు ‘పాలు పొంగుచున్నవి, అత్తయ్యా’ అని ముఖము త్రిప్పుకొన్నదట.

‘ఈ జబ్బేమి? ఏమి వండి పెట్టవలయును? దాచుట ధర్మమా, చెప్పుట ధర్మమా?’ అని ఆ సోదరి మూడు ప్రశ్నలడిగినది. మూడవదానికి బదులు మొదటి రెండింటిలోనే యిమిడియున్నదని మా తలంపు. కావున వరుసగా చెప్పెదము.

ఈ కంతి యెట్టిది?

థైరాయిడు మున్నగు గ్రంథులు హార్మోనులను పుట్టించునని మన సోదరీమణులెఱుగుదురు. అట్టి గ్రంథులే గాక, కడుపు ప్రేగుల పొడవునను, క్లోమమునందును, ఊపిరితిత్తులలోను చెదరి యుండు కణములు కొన్ని కలవు. ఇవి నాడుల లక్షణమును గ్రంథుల లక్షణమును గూడ కలిగి, సంకేతము అందినప్పుడు హార్మోనులను విడుచుచుండును. కనుకనే వీనికి న్యూరోఎండోక్రైన్ కణములని పేరు. ఇవి హద్దుమీఱి పెరుగగా నేర్పడు కంతియే ఈ జబ్బు. చిన్నప్రేగు, ఉండుకము, క్లోమము, జీర్ణాశయము, పురీషనాళము, ఊపిరితిత్తులు దీనికి ముఖ్యస్థానములు.

‘న్యూరో’ అను మాట విని ఇది మెదడు జబ్బని భ్రమపడువారు పెక్కురు. హిందీ చిత్రములలో ప్రఖ్యాతి గాంచి, 2006లో ‘సైనికుడు’ అను తెలుగు చిత్రమునందును నటించిన ఇర్ఫాన్ ఖాన్‌గారు తమకీ జబ్బు వచ్చినదని 2018 మార్చిలో లోకమునకు తెలిపినపుడు, ఆ మాట ఎల్లప్పుడును మెదడునకు సంబంధించినది కాదని తామే వివరింపవలసి వచ్చెను. వారు లండనులో చికిత్స పొంది, మరల నొక చిత్రమున నటించి, 2020 ఏప్రిల్ 29వ తేదీన ముంబయిలో కన్నుమూసిరి.

ఈ జబ్బు పేరునకే యొక చరిత్ర కలదు. 1907లో మ్యూనిచ్ నగరమున జీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ అను వైద్యుడు చిన్నప్రేగులోని యిట్టి కంతులను పరీక్షించి, ఇవి చూచుటకు క్యాన్సరువలె నున్నను దానివలె కీడు చేయవని తలచి, ‘క్యాన్సరును పోలినది’ అను నర్థమునిచ్చు ‘కార్సినాయిడ్’ అను పేరు పెట్టెను. 1929లో ఆయనయే తన మాటను సవరించుకొని, ఇవి ఇతరావయవములకు ప్రాకి ప్రాణము తీయుటయు కలదని ప్రకటించెను. అయినను మొదటి పేరు వలన గలిగిన యుపేక్ష లోకమును చాలకాలము వదలలేదు. నేటి వైద్యులు దీనిని క్యాన్సరులలో నొక జాతిగానే యెంచుచున్నారు.

అయితే అన్నియు నొక్క తీరున నుండవు. ఉండుకమును కోసి తీసినపుడు అనుకోకుండ కనబడు చిన్న కంతి, ఒక సెంటీమీటరునకు లోపలిదైనచో, సామాన్యముగ నంతటితో తీఱిపోవును. కంతి ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణములెంత వేగముగ పెరుగుచున్నవో ‘కీ-67’ అను లెక్క కట్టుదురు. అది 3 శాతమునకు లోపలనున్న మొదటి తరగతి. 3 మొదలు 20 వఱకు రెండవ తరగతి. 20 దాటిన మూడవది. వీనికి వేఱుగా, మిక్కిలి తీవ్రముగ పెరుగు కార్సినోమా యను జాతియు నున్నది. మెల్లని జాతి వచ్చినవారిలో, కాలేయమునకు ప్రాకిన పిదప గూడ పదియేండ్లు, పదునైదేండ్లు ఇంటి పనులు చేసికొనుచు జీవించినవారు కలరు. కావున ఒకరి కథ విని ధైర్యమో భయమో తెచ్చుకొనుటకు ముందు, మన రోగి చీటిలో ఏ తరగతి వ్రాసియున్నదో యడిగి తెలిసికొనవలయును.

అమెరికాలో 1973లో లక్షమందిలో ఏటికి ఇంచుమించు ఒక్కరికి మాత్రమే ఈ జబ్బు కనుగొనబడుచుండగా, 2012 నాటికి ఆ లెక్క ఏడుగురికి చేరినది. స్కానులు, ఎండోస్కోపీలు ఎక్కువగుటచే దాగియున్నవి బయటపడుట ఇందుకొక ముఖ్యకారణము.

మాఱువేషము

ఈ జబ్బు నాలుగేండ్లు కనబడకుండ నెట్లుండెనని మన సోదరి యాశ్చర్యపడినది. అది ఆ యింటివారి తప్పు గాదు. 2014లో వివిధ దేశములలో దాదాపు 1,900 మంది రోగులను ప్రశ్నింపగా, మొదటి లక్షణము కనబడిన పిదప జబ్బు పేరు తెలియుటకు సగటున నాలుగేండ్లకు పైగా పట్టినదని తేలినది. ఇది నిత్యమును మన యిండ్లలో చూచు చిన్న జబ్బుల వేషము వేసికొని వచ్చును.

ప్రేగులలోని కంతి విడుచు సెరటోనిను మున్నగు రసములు మొదట కాలేయమునకు పోవును. అది వానిని విఱిచివేయును. అందుచే తొలిదశలో బయటికేమియు తెలియదు. కంతి కాలేయమునకే ప్రాకిన పిదప ఆ రసములు నేరుగ నెత్తుటిలో గలిసి దేహమంతయు తిరుగును. అప్పుడు ముఖము ఎఱ్ఱబారుట, నీళ్ల విరేచనములు, పిల్లికూతలతో నాయాసము కలుగును. కొందఱికి గుండె కుడివైపు కవాటములు బిఱుసెక్కి కాళ్లు వాచును. వైద్యులు దీనిని కార్సినాయిడ్ సిండ్రోము అందురు.

ముట్లుడిగిన యావిరికిని దీనికిని కొంత భేదము కలదు. ముట్లుడిగిన యావిరి తఱచుగ చెమటతో ముగియును. ఈ జబ్బులోని యెఱ్ఱదనము తఱచుగ పొడిగా నుండును. కారము తిన్నను, కడుపునిండ భుజించినను, కోపతాపములు కలిగినను ఇది పైకొనును. విరేచనములు రాత్రి నిద్రనుండి లేపునవియు, ఉపవాసమున్నను ఆగనివియు నైనచో వైద్యునకు తప్పక చెప్పవలయును.

క్లోమమున పుట్టు కంతులు వేఱు వేషములు ధరించును. ఇన్సులినోమా యనునది ఇన్సులినును మితిమీఱి విడుచును. అట్టి రోగి తెల్లవారుజామునను, ఏకాదశి మున్నగు నుపవాసదినములందును చెమటలు పట్టి, వణకి, పొంతనలేని మాటలాడి, ఒక్కొక్కప్పుడు తెలివి దప్పును. పంచదార నోట వేసిన కొంతసేపటికి తేఱుకొనును. పల్లెలలో దీనిని పూనకమనియు, మూర్ఛయనియు పొరబడుటకు వీలున్నది. గ్యాస్ట్రినోమా యనునది కడుపులో నామ్లమును పొంగించి, మానిన పుండు మరల మరల వచ్చునట్లు చేయును. ఏ హార్మోనును విడువని కంతులే లోకమున నెక్కువ. అవి పెరిగి ప్రేగునకడ్డుపడి నొప్పి కలిగించువఱకు మాటాడవు.

అమెరికా వైద్యవిద్యాలయములలో ఒక సామెత కలదు: గిట్టల చప్పుడు వినబడినచో గుఱ్ఱమనుకొనుము, చారలగుఱ్ఱమనుకొనకుము అని. అనగా సామాన్యమైన జబ్బునే ముందుగా తలపవలయునని యుపదేశము. అది మంచిమాటయే. కాని చారలగుఱ్ఱములును లోకమున నున్నవి. అందుచే ఈ జబ్బు వచ్చినవారు చారలగుఱ్ఱమునే తమ గుర్తుగా పెట్టుకొన్నారు. మా మాటలు చదివి ప్రతి సోదరియు తన ముఖము ఎఱ్ఱబారగానే భయపడరాదు. నూటికి తొంబదితొమ్మిది మందికిపైగా అది సామాన్యమైన గుఱ్ఱమే. తగిన మందు తగినంత కాలము వాడియు తగ్గని లక్షణమును మాత్రము ‘ఇంతే గాబోలు’ అని విడువరాదనుటయే మా తాత్పర్యము.

పరీక్షలకు ముందు గృహిణి చేయవలసినవి

కొన్ని పరీక్షల ఫలము వంటయింటిపై నాధారపడియున్నది. సెరటోనిను విఱిగి మూత్రమున బోవు పదార్థమును 24 గంటల మూత్రమును పట్టి కొలుచుట యొక పరీక్ష. దీనికి ముందు రెండు మూడు దినములును, పట్టుచున్న దినమునను అరటిపండు, అనాస, టమాట, వంకాయ, అక్రోటు పెట్టరాదు. ఇవి తిన్నచో జబ్బు లేకున్నను లెక్క పెరిగి కనబడవచ్చును. మన యిండ్లలో టమాట లేని పప్పు, అరటిపండు లేని ఫలహారము అరుదు గావున, రోగి యొక్కతెకే గాక వండువారికిని ఈ సంగతి తెలిసియుండవలయును. మొదటినాడు ప్రొద్దున లేచినప్పటి మూత్రమును పాఱబోసి, అప్పటినుండి మఱునాటి ప్రొద్దుటి మూత్రము వఱకు పూర్తిగ ఆసుపత్రివారిచ్చిన సీసాలో పట్టవలయును. కొన్ని సీసాలలో ఆమ్లము పోసియుందురు, పిల్లల చేతికందనీయరాదు.

క్రోమోగ్రానిన్ అను నెత్తురు పరీక్ష కలదు. కడుపుమంటకు వాడు మాత్రలు కొన్ని దాని లెక్కను పెంచును. రోగి వాడు మందులన్నియు, అంగడిలో స్వయముగ కొన్నవి సైతము, డాక్టరుగారికి చూపవలయును. ఆపవలయునో లేదో వారే నిర్ణయింతురు. గాలియం స్కాను అనునది ఈ కణములనే వెదకి పట్టి, దేహమున నవి యెచ్చటెచ్చట నున్నవో చూపును.

చికిత్స

కంతి యొక్కచోటనే యున్నపుడు శస్త్రచికిత్సచే తీసివేయుట ఉత్తమము. ప్రాకిన పిదప గూడ కొంత తీసివేయుట మేలగునా యని వైద్యులు ఆలోచింతురు.

మన సోదరి యత్తగారికి నెలనెల పడుచున్న సూది కథ వినదగినది. 1973లో అమెరికాలో సొమాటోస్టాటిన్ అను హార్మోనును కనుగొనిరి. ఇది ఇతర హార్మోనుల విడుదలను అణచును. ఆ పరిశోధనలో ముఖ్యుడైన రోజే గియ్‌మాఁగారికి 1977లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. కాని ఆ హార్మోను నెత్తుటిలో కొన్ని నిమిషములే నిలుచును. దానిని పోలి, ఎక్కువసేపు నిలుచు ఆక్ట్రియోటైడ్ అను మందును పిమ్మట తయారుచేసిరి. 1988లో అమెరికా ప్రభుత్వము దాని నంగీకరించినది. నేడు 28 దినములకొకసారి వేయు దీర్ఘకాలపు సూది దొరకుచున్నది. లాన్రియోటైడ్ అనునది దాని తోబుట్టువు. ఇవి విరేచనములను, ఎఱ్ఱదనమును తగ్గించుటయే గాక, కంతి పెరుగుదలను గూడ నెమ్మదింపజేయునని 2009లోను, 2014లోను ప్రకటింపబడిన పరిశోధనలు తెలిపినవి. సూది వలన మలము జిడ్డుగా పోవుట, పిత్తాశయమున రాళ్లు కట్టుట సంభవించును గావున కడుపును అప్పుడప్పుడు పరీక్షింపవలయును. సూదిమందును ఇంటికి తెచ్చినచో శీతలపేటికలో నుంచవలయును, గడ్డకట్టనీయరాదు.

సూది చాలనప్పుడు, స్కానులో కంతి తగినట్లు వెలిగినచో, లుటీషియం అను రేడియోధార్మిక పదార్థమును కంతి కణములను వెదకికొనిపోవు మందునకు జోడించి నరమునకెక్కింతురు. సాధారణముగ ఎనిమిదేసి వారముల యెడముతో నాలుగు మార్లు. యూరపులో 2017లోను, అమెరికాలో 2018లోను దీనికి అనుమతి లభించినది. మన దేశమున ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో ఈ లుటీషియము తయారగుచున్నది. ముంబయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటరునందును, ఢిల్లీలోని ఎయిమ్సునందును, మఱికొన్ని యాసుపత్రులందును ఈ చికిత్స కలదు. ఇవి గాక మాత్రలును, కాలేయమునకు చేయు చికిత్సలును కలవు. ఏది యెవరికి తగునో శస్త్రవైద్యులు, క్యాన్సరు వైద్యులు, స్కాను వైద్యులు కలిసి యాలోచించు చోట నిర్ణయింపజేసికొనుట మేలు.

వ్యయము తక్కువ గాదు. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకములలో ఏ భాగమునకు సహాయము లభించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడుగుటకు సిగ్గుపడరాదు. నగలు కుదువబెట్టిన పిమ్మట అడుగుటకన్న ముందడుగుట మంచిది.

ఏమి వండి పెట్టవలయును?

ఈ జబ్బును మాన్పు పథ్యమేదియు లేదు. అట్లు చెప్పువారిని నమ్మరాదు. రోగికి సుఖము కలిగించు భోజనము మాత్రము కలదు. రెండు పెద్ద భోజనములకు మాఱుగా ఐదాఱు చిన్న భోజనములు పెట్టవలయును. ఆవకాయ, గొడ్డుకారము, వేపుడులు, నేతి పిండివంటలు తగ్గింపవలయును. మెత్తని యన్నము, పలుచని మజ్జిగ, పెసరకట్టు, ఇడ్లీ, గ్రుడ్డు, చేప తఱచుగ సరిపడును. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదు. ఏది తిన్నపుడు ఎఱ్ఱదన మెక్కువైనదో వ్రాసి చూచుకొనుటయే మార్గము. విరేచనములు హెచ్చినపుడు ఉప్పును పంచదారయు కలిపిన నీరు త్రాగింపవలయును.

ఒక సంగతి మన తెలుగువారికి ప్రత్యేకముగ తెలియదగినది. పెల్లాగ్రా యను వ్యాధి, అనగా ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పగులుట, జొన్నలే ప్రధానాహారముగా గల దక్కను పల్లెలలో నొకప్పుడు కనబడెడిది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్‌గారు 1960 ప్రాంతమున దీనిని శోధించిరి. నియాసిన్ అను విటమిను లోపమే దీనికి మూలము. కార్సినాయిడ్ సిండ్రోమునందు, నియాసిను తయారగుటకు కావలసిన ముడిసరకును కంతి సెరటోనినుగా మార్చి వ్యయము చేయును. అందుచే మంచి భోజనము చేయుచున్నవారికి గూడ పెల్లాగ్రా రావచ్చును. మెడమీదను, చేతులమీదను అట్టి మచ్చలు కనబడినచో డాక్టరుగారికి చూపవలయును.

దాచుటయా, చెప్పుటయా?

ఇప్పుడు మూడవ ప్రశ్న. ఇంటి మగవారు కఠినులై దాచలేదు, ప్రేమచేతనే దాచిరి. క్యాన్సరను మాట వినగానే అమ్మ కుంగిపోవునని వారి భయము. ఆ భయమును మేము తేలికగా జూడము. కాని పై సంగతులన్నియు చదివిన పిమ్మట, ఈ జబ్బును రోగికి తెలియకుండ నడపుట యెట్లో మాకు తోచుటలేదు.

రేపామె పంటినొప్పికి దంతవైద్యునికడకు బోయినచో, కాలు విఱిగి శస్త్రచికిత్స చేయవలసివచ్చినచో, మత్తుమందు వలనను, కొన్ని సూదుల వలనను కంతి యొక్కసారిగ రసములను కుమ్మరించి, రక్తపుపోటు ప్రమాదకరముగ మాఱవచ్చును. ముందుగ తెలిసినచో వైద్యులు తగిన సూది నిచ్చి కాపాడుదురు. కాని ‘ప్రేగులో పుండు’ అనుకొనుచున్న యామె వారికి చెప్పునదేమి? ఆ సమయమున కొడుకులు ప్రక్కన నుందురని నమ్మకమేమి? రేపు లుటీషియం చికిత్స జరిగినచో, కొన్ని దినములు పసిపిల్లలకును గర్భిణులకును ఎడముగా నుండవలయునని డాక్టర్లు చెప్పుదురు. కారణము తెలియని యామె, మనుమని నెందులకు తన యొడినుండి తీసికొనిపోవుచున్నారో యెఱుగక, తన్ను వెలివేసిరని కుమిలిపోదా? పుండు మానుచున్నదని నమ్మించినవారికి, క్రొత్తగ వచ్చిన కాలివాపును గాని ఆయాసమును గాని ఆమె చెప్పునా? వార్ధక్యమని మ్రింగి యూరకుండును. మఱియు దేహము ఆమెది. ఏ చికిత్స చేయించుకొనవలయునో, ఏది వలదో చెప్పు హక్కు మొదట ఆమెదే.

మా సొంత యింటి సంగతి యొకటి చెప్పి ఈ మాట ముగించెదము. చాల యేండ్ల క్రిందట మా పినతల్లిగారికి రొమ్ములో రాచపుండు వచ్చినది. మేమందఱము కూడి ‘గడ్డ, తగ్గిపోవును’ అని చెప్పితిమి. ఆమె తుదివఱకు జబ్బును గూర్చి ఒక్క ప్రశ్నయు నడుగలేదు. మేము గెలిచితి మనుకొంటిమి. ఆమె పోయిన పదునైదు దినములకు పెట్టె తెఱవగా, పాత చీర చెఱగులలో చిన్న చిన్న మూటలు కట్టి, ఏ గాజులు ఏ కూతురికో, ఏ గొలుసు ఏ మనుమరాలికో కాగితపు ముక్కలపై వ్రాసి పెట్టియున్నది. అందులో మా పేరిటి మూటయు నొకటి. ఆమెకు మొదటినుండియు తెలియును. మేము బాధపడుదుమని తెలియనట్లుండినది. ఆ మూట చేతికిచ్చుచు ఆమె చెప్పదలచిన మాట యేమో మాకు నేటికిని తెలియదు. కావున దాచమని మేమెవ్వరికిని సలహా యీయలేము.

చెప్పు విధము

చెప్పుట యనగా ఒక్కనాడే అన్నియు కుమ్మరించుట గాదు. మొదట కోడలు తన భర్తతోను, బావగారితోను మాటాడి, పైన చెప్పిన కారణములు వివరింపవలయును. వారికి తెలియకుండ తానొక్కతె చెప్పినచో ఇంటిలో మాటపట్టింపులు వచ్చును. డాక్టరుగారి యెదుట చెప్పించినచో మఱియు మంచిది. ముందుగ ‘నీకేమి తెలిసికొనవలయునని యున్నదమ్మా?’ అని యడుగవలయును. ఆమె ‘నాకేమియు చెప్పవలదు, మీరే చూచుకొనుడు’ అన్నచో ఆ మాటను గౌరవింపవలయును. అడిగినచో నిజమే చెప్పవలయును: ఇది క్యాన్సరు జాతిదే, మెల్లగా పెరుగు రకము, పూర్తిగ తీసివేయుట కష్టము గాని అణచియుంచుటకు మందులున్నవి, ఈ సూది అందులకే. ఆమె చీటిలోని తరగతి చూచికొనియే ‘మెల్లనిది’ అను మాట వాడవలయును. ఎన్నేండ్లని లెక్క చెప్పరాదు. అది యెవ్వరికిని తెలియదు. ‘మానిపోవును’ అనియు చెప్పరాదు. అబద్ధమొకటి బయటపడిన పిదప నిజమును గూడ నమ్మరు. చెప్పిన తరువాత లేచిపోక ప్రక్కన కూర్చుండవలయును. ఏడ్చినచో ఏడువనీయవలయును.

తోడు

ఒక నోటుపుస్తకము కొని, అందులో జబ్బు పేరు, తరగతి, స్కానుల తేదీలు, సూది తేదీలు, రోజునకెన్ని విరేచనములు, ఎప్పుడు ఎఱ్ఱదనము వచ్చినది, బరువెంత యను సంగతులు వ్రాయవలయును. డాక్టరుగారిని అడుగవలసిన ప్రశ్నలు చివరి పుటలో ముందుగనే వ్రాసికొనిపోవలయును. ‘ఈమెకు న్యూరోఎండోక్రైన్ ట్యూమరు కలదు, మత్తుమందునకు ముందు ఫలానా డాక్టరును సంప్రతింపుడు’ అని యొక చిన్న చీటి ఆమె సంచిలో నెల్లప్పుడు నుంచవలయును. కుటుంబములో వేఱెవరికైనను ఇట్టి కంతులుగాని, చిన్నవయసున మూత్రపిండములలో రాళ్లతోగూడిన కాల్షియపు జబ్బుగాని యున్నచో చెప్పవలయును. కొలదిమందిలో ఇది వంశపారంపర్యమున వచ్చును.

ఇతర దేశములందు ఈ రోగులు ఒకరికొకరు తోడైరి. అమెరికాలో 1968లోనే కార్సినాయిడ్ క్యాన్సర్ ఫౌండేషన్ ఏర్పడినది. బ్రిటనులో 2006లో స్థాపింపబడిన సంస్థ నేడు న్యూరోఎండోక్రైన్ క్యాన్సర్ యూకే యను పేర పనిచేయుచు రోగులకు పుస్తకములిచ్చి, నర్సులచే మాటాడించుచున్నది. 2010 నుండి ఏటేట నవంబరు 10వ తేదీ ఈ జబ్బు దినముగా జరుపబడుచున్నది. మన యూళ్లలో అట్టి సంఘము చేరువలో లేకున్నను, సూది దినమున అదే బల్లపై కూర్చుండు మఱియొక రోగి యుండవచ్చును. ఇరువురికిని సమ్మతమైనచో పరిచయము చేయుడని డాక్టరుగారినో నర్సునో యడుగవచ్చును. పదియేండ్లుగా ఈ జబ్బుతో కాపురము చేయుచున్న యొక స్త్రీ ‘నేనును ఇట్లే భయపడితిని’ అని చెప్పిన మాట, మనము చెప్పు నూఱు మాటలకన్న బలమైనది. అట్టి మేలు పొందుటకైనను రోగికి తన జబ్బు పేరు తెలియవలయును గదా!

సేవ చేయు కోడలికి గూడ విశ్రాంతి యవసరము. వారమునకొక పూటయైనను ఆడుబిడ్డయో తోడికోడలో బాధ్యత తీసికొనవలయును. ఇది నెలల పని గాదు, ఏండ్ల పని. మొదటి యేడే అలసిపోరాదు.

జాబు వ్రాసిన సోదరికి మా మాట యిది: నీ యత్తగారు కొడుకులనడుగక నిన్నడిగినారు. అది నీపైగల నమ్మకము. ఆ ప్రశ్న ఆమె మరల నడుగకమునుపే ఇంటివారిని కూర్చుండబెట్టి మాటాడుము. ఆ పిమ్మట ఆమెతో పాలు కాగనిచ్చి, పొయ్యి యార్పి, ప్రక్కన కూర్చుండి చెప్పుము. ఏమి జరిగినదో మాకు వ్రాయుము, మేమెదురుచూచుచుందుము.